తీతువు పిట్ట మాట, ఆరుద్ర పురుగు మాట

మల్లేశం సారు పోయిండని నాకు ఆలస్యంగ తెలిసింది. ఆయన బిడ్డ పద్మ ఫోన్ చేసేసరికే దినాలు గూడ అయిపోయినయట. మరునాడు కరీంనగర్‌ల బస్సెక్కి హుజూరాబాద్ పోయిన. బట్టల దుకాణాల నడుమ సందు, సందు చివరన ఇల్లు, ముందరి అర్రల గోడకు సారు ఫోటో. ఫోటోకు ఏసిన బంతిపూల దండ అప్పటికే వాడిపోయింది. పద్మ చాయ తెచ్చిచ్చి నా ఎదురుంగ కింద కూసున్నది. "అక్కా, మా బాపు ఎన్నో ఊర్లల్ల పంతులుగ చేసిండు. గని ముసలితనంల ఎప్పుడు చూసినా మీ ఊరి ముచ్చటే. 'సుగుణ వాళ్ల బాపమ్మ ఉండె...' అని మొదలువెడ్తుండె. జరసేపు నవ్వుతుండె, అటెన్క కండ్లు తుడుసుకుంటుండె. ఆడికే ఆగిపోతుండె. అసలు ఆ ముచ్చట ఏందక్కా?" అని అడిగింది. నాకు చేతనైనంత ఆ పూట చెప్పిన. గని తిరుగు బస్సుల కిటికి పక్కన కూసొని వస్తుంటె, చెప్పినదానికంటె చెప్పనిదే ఎక్కువున్నదనిపించింది. అందుకే నిమ్మళంగ మళ్ల ఇక్కడ చెప్పుకుంటున్న.

మాది ఖానాపూర్ దిక్కు ఊరు. ఊరు దాటితే మా చేండ్లు, చేండ్లు దాటితే అడివి, అడివి అంచున గోండుల గూడెం. నేను అయిదో తరగతి చదివేనాటి సంగతి ఇది. ఆ ఏడు చలికాలమే మా బాపు మస్కట్ పోయిండు. అంతకు ముందు ఎవుసం సంగతంత బాపే చూసుకుంటుండె. మా అమ్మ, మేము అవ్వ అంటుంటిమి, కలుపుకు పోయేది, కోతకు పోయేది, గని ఎప్పుడు దున్నాలె, ఎప్పుడు విత్తాలె అనే మాట ఆమె నోటి నుంచి వచ్చేది గాదు. బాపు పోయినంక ఆ మాట ఇంట్ల ఎవరు చెప్పాలె అనేది తేలలే. అవ్వ పుట్టిల్లు మెట్‌పల్లి పక్క ఊరు. బావుల కింద వరి, పసుపు పండే ఊరు. నీళ్లు కండ్ల ముందర ఉన్న తాన పెరిగిన మనిషికి, మొగులు మొకం చూసి బతుకుడు ఎట్లుంటదో మా ఊరికి వచ్చినంకనే తెలిసింది. బాపు తల్లి, మా బాపమ్మ, మాత్రం ఆ మొగులు కిందనే ముసలిదైంది.

బాపమ్మ కోడికూతకు లేసి వాకిట్ల అలుకు చల్లుతుండె. చల్లుడు అయినంక తడి చేతులు కొంగుకు తుడుసుకొని, పడమటి దిక్కు తిరిగి, నోరు జరంత తెరిసి నిలవడుతుండె. గాలి రుచి చూస్తుందని నాకు చెప్పింది. నేను గూడ లేసొచ్చి పక్కన నోరు తెరుసుకొని నిలవడేదాన్ని. పేడ వాసన, పొయ్యిల నిన్నటి బూడిద వాసన, దొడ్డిల ఎడ్ల వాసన తప్ప నా నాలుకకు ఏం తగిలేది గాదు. "గాలి ఇంక పచ్చిగ లేదు బిడ్డా, దూరం ఉన్నది" అని ఆమె లోపలికి పోతుండె. ఆమెకు ప్రతిదానికి ఒక మాట ఉండె. చీమలు గుడ్లు మోసుకొని గోడ ఎక్కితే వాన, పిచ్చుకలు దుమ్ముల పొర్లితే వాన, చందమామ చుట్టు గుడి కట్టితే వాన. ఆ మాటలు ఆమె పెట్టిన పచ్చి పులుసు లెక్క రోజు మా ఇంట్ల ఉండేటియి. వాటిని ఎవరన్న అడుగుతరని, అడుగొచ్చని, నాకు తోచనే లేదు.

ఎండలు ముదిరినంక గింజలు నింపే గుమ్మిల నుంచి విత్తనపు జొన్నలు తీసి చెరుగుతుండ్రి. గుమ్మి మూత తియ్యంగనే ఎండిన వేపాకు, బూడిద, పాత గింజ కలిసిన ఒక వాసన ఇల్లంత కమ్ముతుండె. ఇప్పటికీ నా ముక్కుకు మిరుగం, అదే మృగశిర కార్తె, అంటె అదే వాసన. ఆ ఏడు చెరుగుడుకు కూసున్నప్పుడు అవ్వ ఒక్కొక్క గింజను అరచేతిల పెట్టుకొని చూస్తుండె. పుచ్చుపట్టిందాన్ని కోళ్లకు పారేస్తుండె. పెద్దోళ్లు పైకి చెప్పకున్నా మాకు తెలుసు, గుమ్మిల ఉన్నదే విత్తనం. అది మన్నుల పోతే ఇంకొకరి గడప తొక్కాలె.

ఇగ మల్లేశం సారు. ఆయన హుజూరాబాద్‌ల బట్టల దుకాణం నడిపే ఇంటి మనిషి. మా ఊరి బడికి వచ్చిన కొత్తల జొన్నచేనును చూసి మక్కచేను అన్నడు. మేము పగలబడి నవ్వినం. ఆయన గూడ నవ్విండు. తెలువనిదాన్ని తెలువదని చెప్పుడుకు ఆయనకు సిగ్గు ఉండకపోయేది. తొవ్వల పేడపురుగు తన ఉండను వెనుక కాళ్లతోని దొబ్బుకుంట పోతుంటె ఆగిపోయి చూస్తుండె. ఆయన ఎనుక బడి పిల్లలమంత ఆగిపోయేది. ఎద్దులబండి తోలుకొచ్చేటోళ్లు "సారూ, జర జరుగుండ్రి" అని అరిస్తె అప్పుడు కదులుతుండె.

ఎండకాలం సెలవులై బడి తెరిసినంక ఒకనాడు బళ్లె వానల పాఠం మొదలువెట్టిండు. పుస్తకంల సముద్రం బొమ్మ, మబ్బుల బొమ్మ, బాణం గుర్తులు. సముద్రం మీదికెళ్లి గాలి వస్తది, మబ్బులు తెస్తది, వాన పడ్తది అని చదివిండు. మా తరగతిల గూడెం నుంచి వచ్చే పిల్ల భీంబాయి ఉండె. నా దోస్తు. బెంచీలు లేవు, చాప మీద నా పక్కనే కూసునేది. చెయ్యి లేపి అడిగింది. "సారూ, వాన వస్తదని బాణం గీసిండ్రు. ఎప్పుడు వస్తదో ఎట్ల తెల్వాలె?" సారు పుస్తకం తిప్పి చూసిండు. "ఇందుల రాయలే. మీ ఇండ్లల్ల పెద్దోళ్లు ఎట్ల చెప్తరు? రేపు అడిగి రాండ్రి" అన్నడు.

మరునాడు బడి సంత అయింది. ఒకడు చీమలంటడు, ఒకడు తూనీగలంటడు, ఒకామె వాళ్ల ముత్తవ్వ మోకాళ్ల నొప్పి అన్నది. సారు అన్ని బోర్డు మీద రాసుకుంట పోయిండు. నా వంతుకు నేను లేసి గర్వంగ చెప్పిన. "తీతువు పిట్ట గుడ్లు మెరక మీద పెడ్తే ఆ ఏడు దండిగ వానలు. పల్లంల పెడ్తే కరువు. మా బాపమ్మ చెప్పింది. మా చేన్ల తీతువు ఈసారి మెరక మీదనే పెట్టింది. అందుకే తొలి వానకే విత్తుకోవచ్చని చెప్పింది." భీంబాయి కూసున్న తానికెళ్లే అన్నది. "అట్ల గాదు. మా తాత చెప్పిండు. ఎర్ర పురుగు భూమిలకెళ్లి బయటికి రాంది విత్తనం ముట్టొద్దు." ఆరుద్ర పురుగును ఆమె ఎర్ర పురుగు అంటుండె. "మా బాపమ్మకు తెల్వదా?" అని నేను, "మా తాతకు తెల్వదా?" అని ఆమె. ఇద్దరం లేసి నిలవడ్డం. ఆమె నా జడ పట్టుకున్నది, నేను ఆమె చెయ్యి కొరికిన.

సారు మమ్మల్ని విడదీసి నడుమ కూసున్నడు. కోపం జెయ్యలే. ఆయన మొకంల సంబురం ఉండె. "అరె, ఇద్దరు పెద్దోళ్లు, రెండు మాటలు. ఒకటి విత్తుమంటుంది, ఒకటి వద్దంటుంది. పెద్దల మాటను ఊర్కె మొక్కి పక్కకు పెట్టొద్దు, ఊర్కె నవ్వి పారెయ్యొద్దు. దాన్ని ఎదురుంగ కూసోవెట్టుకొని అడుగాలె, నీకెట్ల తెలుసు అని" అన్నడు. "పిట్టను ఎట్ల అడుగుతం సారూ?" అని ఎవరో అన్నరు. "అదే నాకు గూడ తెల్వాలె. వాన పడనియ్యి, పోదాం" అన్నడు.

వాన మిరుగం సగమైనంక పడ్డది. ఒక్క పూట. ఉరిమి, దుమ్ము లేపి, ధనధన కురిసి పోయింది. ఊరంత మన్ను వాసన. తెల్లారి ఎవరి నోట విన్నా విత్తుడు మాటే. అవ్వ పొద్దుగాలనే పక్కింటి రాజన్న కాకతోని గొర్రు కట్టే మాట ఖాయం చేసుకున్నది. మాకు ఎడ్లున్నా గొర్రు పట్టి విత్తే మగమనిషి ఇంట్ల లేడు గద. ఆ పొద్దే సారు మమ్మల్ని వరుసగ నిలవెట్టి చేండ్ల దిక్కు తీసుకపోయిండు.

ముందు మా చేను. తీతువు మమ్మల్ని దూరం నుంచే చూసి అరుసుకుంట లేసింది. తల మీద చక్కర్లు కొట్టింది. గుడ్లు ఎక్కడున్నయో నాకు తెలుసు, అయినా నాకే కనబడలే. సారు పాదం ఎత్తి ముందుకు వెయ్యబోయిండు. "సారూ!" అని నేను అరిసిన. ఎత్తిన పాదం ఎత్తినట్టే ఉండిపోయింది. ఆయన కాలి కింద, గులకరాళ్ల నడుమ, గులకరాళ్ల లెక్కనే నాలుగు గుడ్లు. గూడు లేదు, గడ్డిపోచ లేదు. మట్టి రంగు మీద నల్ల మచ్చలు. చూపు ఒక్కసారి పక్కకు పోయిందంటె మళ్ల దొరకయి. మేమంత వంగి చూసినం. సారు మెల్లగ ఒంటి కాలు మీదనే ఎనుకకు జరిగి, దూరంగ పోయి కూసున్నడు. "ఇంత మంచిగ దాసుడు దానికి ఎవరు నేర్పిండ్రు?" అన్నడు గాని మమ్మల్ని అడగలే, తనలో తనే అనుకున్నడు.

అటెన్క పురుగు కోసం వెతికినం. మా చేన్ల ఒక్కటి గూడ లేదు. సారు గడ్డపార తెప్పించి ఒక తాన తవ్విచ్చిండు. పైన మన్ను నల్లగ తడిసి ముద్దగ ఉన్నది. బెత్తెడు దిగంగనే పొడి దుమ్ము. మేము నోర్లు తెరిసినం. పైకి చూస్తె చెరువుల ముంచి తీసినట్టున్న చేను, లోపల ఎండకాలమే ఉన్నది. అక్కడినుంచి గూడెం దిక్కు, అడివి అంచున ఉన్న భీంబాయి వాళ్ల మడికి పోయినం. ఏండ్ల సంది చెట్ల ఆకులు రాలి కుళ్లిన మన్ను అది. అక్కడ చెట్టు మొదట్ల రెండు మూడు పురుగులు కనబడ్డయి. కుంకుమ రంగు, మఖ్మల్ గుడ్డ కత్తిరించి చేసినట్టు. భీంబాయి ఒకదాన్ని అరచేతిల పెట్టుకున్నది. కాళ్లు ముడుసుకొని అది గురిగింజ అయింది. అక్కడ తవ్వితె తడి మా చేన్లకంటె చానా కిందికి దిగి ఉన్నది.

సారు ఆ గుంత ఒడ్డున కూసొని అడిగిండు. "ఈ పురుగు ఎక్కడ ఉంటది?" "మన్నుల." "ఎప్పుడు బయటికి వస్తది?" మేము గుంతల చూసినం, పురుగును చూసినం. భీంబాయే అన్నది, మెల్లగ, అప్పుడే కండ్లు తెరిసినట్టు. "తడి దాని ఇంటి దాక పోతె వస్తది." "అయితె అది రేపు వాన పడ్తదని చెప్తుందా?" జవాబు నా నోటికాడికి వచ్చింది గాని అది మా బాపమ్మకు ఎదురు పోయేది. "గాదు సారూ. నిన్న పడ్డ వాన ఎంతనో చెప్తుంది" అన్న. "మరి తీతువు?" "అది రేపటిది చెప్తుందంటరు." సారు తల ఊపిండు. "నిన్నటిది చెప్పేదాన్ని తవ్వి చూసుకోవచ్చు. రేపటిది చెప్పేదాన్ని?" "ఆగి చూడాలె" అన్నది భీంబాయి. మొన్న బళ్లె నా జడ పట్టి గుంజిన పిల్ల, ఇప్పుడు నా భుజం మీద చెయ్యి ఏసి అన్నది. ఏదో తలుపు తెరుసుకున్నట్టనిపించింది. చిన్నతనంల నాకు దేవుడు కనబడ్డట్టున్న పొద్దు ఏదన్న ఉంటె, అది అదే.

ఇంటికి ఉరికొచ్చిన. అవ్వ విత్తనం సంచిల పోస్తుంది. తడి లోపలికి దిగలేదని, విత్తొద్దని, ఒక్క ఊపిరిల చెప్పిన. అవ్వ ఆగమైపోయింది. "ఊరంత విత్తుతుంటె నేను గుంతలు తవ్వుకుంట కూసోవాల్నా? రేపు వాన రాకపాయె, కార్తె దాటిపాయె, మీ బాపుకు ఏం జవాబు చెప్పాలె నేను? జొన్న, మక్క తెల్వని సారు మనకు ఎవుసం నేర్పుతడా?" "సారు ఏం చెప్పలేదే, మేమే చూసినం" అన్న. బాపమ్మ అరుగు మీద కూసొని ఆకు నములుతుంది. నేను పిట్ట మాట ఎత్తలేదు గాని ఆమెకు సమజైంది. "అంటె నా తీతువు అబద్ధమా?" అన్నది. ఆ గొంతుల కోపం ఉన్నదో, నొచ్చుకున్నదో తెల్వలే. "తెల్వది బాపమ్మా. ఆగి చూడాలె" అన్న. ఆ పూట ఆమె బువ్వ గూడ సరిగ తినలే.

తెల్లారి అలుకు చల్లినంక ఆమె పడమటి దిక్కు తిరగలే. "నడువు బిడ్డా, చూపియ్యి" అన్నది. అవ్వ గూడ మా ఎంట వచ్చింది. రాజన్న కాక అప్పటికే ఎడ్లకు గొర్రు కట్టి చేన్ల నిలవడ్డడు. మేము తవ్విన గుంత పక్కన బాపమ్మ కూసొని, గాజులు పైకి తోసుకొని, చెయ్యి లోపలికి పెట్టింది. పిడికెడు మన్ను తీసింది. అది వేళ్ల సందుల నుంచి పొడి పొడిగ జారిపోయింది. ఇంకొక తాన తవ్వుమన్నది. అక్కడా అంతే. ఆమె కోడలు దిక్కు చూసింది. ఎన్నడూ కోడలితోని సలహా మాట్లాడని మనిషి. "పిట్ట సంగతి ఎనుక చూద్దాం. మన్నయితె తడ్వలే. నేను విత్తుమన్న, ఇప్పుడు వద్దంటున్న. గని చేను నీది, నీ మొగడు నీ చేతుల పెట్టి పోయిండు. నువ్వే చెప్పు" అన్నది.

అవ్వ చానాసేపు చేను దిక్కు చూసింది. చుట్టు పక్కల అందరి గొర్రులు నడుస్తున్నయి. ఎడ్ల మెడగంటలు వినవడుతున్నయి. "రాజన్నా, సగం ఏద్దాం" అన్నది. "ఒడ్డు నుంచి ఆ రాయి దాక ఏస్త. ఇవతల సగం ఆపుత. వాన వస్తె అది దక్కుతది. రాకపోతె ఇది దక్కుతది." రాజన్న కాక నవ్విండు, గట్ల ఎవరన్న ఏస్తరా అన్నడు. గని ఏసిండు. బళ్లె ఈ ముచ్చట చెప్తె సారు లేసి నిలవడ్డడు. "మీ అవ్వ ఏం చేసిందో ఎరికేనా? ఒకే చేను, ఒకే విత్తనం, రెండు తీర్లు! ఇంతకంటె మంచిగ ఎవరు అడుగుతరు మన్నును?" అన్నడు. అవ్వకు ఈ మాట చెప్తె ఆమె నవ్వలే. ఆమెకు అది పరీక్ష గాదు, భయం.

వాన రాలే. విత్తిన సగంల మొలకలు వచ్చినయి, ఊరందరి చేండ్ల లెక్కనే. పచ్చగ దారాలు పరిసినట్టు. చూసి రాజన్న కాక అవ్వను ఎక్కిరించిండు గూడ. అటెన్క ఎండ కాసింది. గాలి వేడిగ కొట్టింది. మొలకల కొనలు పసుపు తిరిగినయి, మలుసుకుపోయినయి. ఒకనాడు పొద్దుగూకే యాళ్లకు అవ్వ ఆ సగంల నడుమ గొంతుకూసొని ఎండిన మొలకను పీకి చూస్తుంటె నేను దూరం నుంచి చూసిన. వేరు బెత్తెడు దాక పోయి, తడి దొరకక, పక్కకు తిరిగి ఉన్నది. ఊరు ఊరంత పరేషాన్‌ల పడ్డది. రాజన్న కాక ఇంట్ల పొయ్యి పెట్టలే ఆ పూట. మా మాట నిజమైందని నాకు, భీంబాయికి ఏం సంబురం కాలే. మా చేన్ల మిగిలిన సగం బోసిగ ఉన్నది. గుమ్మిల మిగిలిన సగం విత్తనం ఉన్నది. అంతే.

అసలు వాన మిరుగం దాటి ఆరుద్ర కార్తెల వచ్చింది. ఉరుములు లేవు, గాలి లేదు. పొద్దంత, పొద్దు మాపు అనకుండ మెత్తగ, ఒక తీరుగ కురిసింది. ఆగిననాడు తెల్లారంగ బాపమ్మ నన్ను లేపి చేనుకు తీసుకపోయింది. ఒడ్డు ఎక్కంగనే ఇద్దరం ఆగిపోయినం. చేను ఎర్రగ ఉన్నది. అడుగు పెట్టేటందుకు సందు లేదు. ఆపిన సగంల, ఎండిన సగంల, ఒడ్డు మీద, గుంతల అంచున, ఎక్కడ చూస్తె అక్కడ ఆరుద్ర పురుగులు. కుంకుమ చల్లినట్టు, అది గూడ కదిలే కుంకుమ. ఇన్ని దినాలు ఎండకు పగిలిన ఆ మన్ను కింద ఇంత పానం దాగి ఉన్నదా అనుకున్న. మెల్లగ సూర్యుడు లేస్తుంటె ఒక్కొక్కదాని మీద మఖ్మల్ మెరిసింది. బాపమ్మ చెప్పులు లేని కాళ్లను ఒడ్డు మీదనే ఉంచి, రెండు చేతులు జోడించింది. "ఇన్నేండ్ల సంది చూస్తున్న గని, ఎందుకు వస్తయో ఎన్నడు అడగలేదు బిడ్డా. వచ్చినయి, పోయినయి అనుకున్న" అన్నది.

ఆ పొద్దు సారు, పిల్లలు అందరు మా చేన్లనే. సారు ఒకదాన్ని ఆకు మీద పెట్టి కాళ్లు లెక్కపెట్టుమన్నడు. పుస్తకంల పురుగుకు ఆరు కాళ్లని ఉన్నది. మేము ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఎనిమిది. పుస్తకం తప్పా, మేము తప్పా అని గందరగోళం పడ్డం. ఒడ్డు మీద కూసున్న బాపమ్మ అక్కడికెళ్లే అన్నది. "ఎనిమిది కాళ్లు సాలెపురుగుకు ఉంటయి గద. దాని సుట్టమేమో." చానా ఏండ్లకు నేను జీవశాస్త్రం చదివి, పిల్లలకు పాఠం చెప్పేదాన్ని అయినంక తెలుసుకున్న. అది నిజంగనే సాలీడు సుట్టమే. వానకు లేసే చెదలను తినేటందుకు బయటికి వస్తది. బాపమ్మ అప్పటికి లేదు.

తడి మోచేతి దాక దిగిందని చూసుకొని అవ్వ మిగిలిన విత్తనం ఏసింది. ఆ సగమే మాకు ఆ ఏడు తిండి. రాజన్న కాక వాళ్లకు గూడ దాంట్లకెళ్లే కొంత పోయింది. బాపుకు మేము మాటలు టేపుల నింపి పంపుతుండేది, ఊరికి సెలవు మీద వచ్చిపోయేటోళ్లు తీసుకపోతుండ్రి. ఆసారి అవ్వ టేప్‌రికార్డర్ ముందర కూసున్నది. చక్రాలు ఊర్కెనే తిరిగినయి. ఆఖరుకు అన్నది. "సగం నేనే పోగొట్టిన, సగం నేనే దక్కించిన. ఫికర్ జెయ్యకు. మీ అవ్వ మంచిగున్నది. ఈసారి సంది విత్తుడు సంగతి నేనే చూసుకుంట." బాపు తిరిగి పంపిన టేపుల ఆ సంగతి మీద ఒక్క మాట లేదు. గని మళ్ల ఎన్నడూ, సెలవు మీద ఇంటికొచ్చిననాడు గూడ, విత్తుడు రోజు ఆయన చెప్పలే. అవ్వనే అడుగుతుండె.

తీతువు సంగతి తేలనే లేదు. ఆ ఏడు దండిగ వానలు పడలే, మరీ కరువు గూడ రాలే. ఒక్క ఏడు చూసి చెప్పొద్దు, ఒక్క పిట్టను చూసి చెప్పొద్దు అన్నడు సారు. వచ్చే ఎండకాలం మా ఊరి పిల్లలు, గూడెం పిల్లలు కలిసి ఉన్న చేండ్లన్ని తిరిగినం. గుడ్లకు తగలకుండ దూరం నుంచే చూసి గుర్తు పెట్టుకున్నం. ఒక తీతువు మెరక మీద పెట్టింది, దాని పక్క చేన్లనే ఇంకొకటి పల్లంల పెట్టింది. ఒకే ఊరు, ఒకే ఏడు, ఒకే మొగులు. ఏ పిట్ట మాట నమ్మాలె? బాపమ్మకు ఎట్ల చెప్పాలె అని నాకు భయమైంది. సారు తనే ఇంటికొచ్చి, అరుగు కింద నిలవడి, ఆమెకు మొత్తం చెప్పిండు. చెప్పుకుంట ఆమె మొకం దిక్కు చూడలేకపోయిండు. ఆమె విన్నది. ఆకు నములుడు ఆపింది. ఆమె తల్లి చెప్పిన మాట అది, తల్లికి ఆమె తల్లి చెప్పిన మాట. "పిట్టల్ల గూడ ఎడ్డిదొకటి, తెలివిగల్లదొకటి ఉంటదేమో సారూ" అన్నది ముందు. జరసేపటికి తనే తల అడ్డం ఊపింది. "లేదు. నేను నా పిట్టను కాపాడుకుంటున్న" అన్నది.

ఇప్పుడు మా తమ్ముడు ఎవుసం చేస్తుండు. పత్తి ఏస్తుండు, కలుపు మందు కొడ్తుండు. పోయిన ఏడు నేను పోయినప్పుడు వాకిట్ల నిలవడి, ఫోన్ల మబ్బు బొమ్మ చూసి, రేపు వాన ఉన్నది అన్నడు. వాన పడ్డది గూడ. ఫోన్ తీతువుకంటె నూరు రెట్లు నయం, దాన్ని నేను ఎక్కిరించ. గని అది గూడ రేపటిదే చెప్తుంది. నిన్నటిది ఎంత దిగిందో మన్నును అడిగేటోళ్లు తక్కువైండ్రు. మా చేన్ల ఎర్ర పురుగులు అక్కడొకటి ఇక్కడొకటి. తమ్ముని మనుమరాలికి బళ్లె పర్యావరణం అని ఒక పుస్తకమే ఉన్నది, రంగుల బొమ్మలతోని. మాకు ఆ పేరే తెల్వదు. మంచిగనే ఉన్నది పుస్తకం. ఆ పిల్లను చేనుకు తీసుకపోతనంటె కాళ్లకు బురద అంటుతదని వాళ్ల అమ్మ వద్దన్నది. అప్పటి కాలం గొప్పదని నేను అనను. ఆకలి ఉండె, ఊరందరి మొలకలు ఎండిననాటి ఏడుపు ఇంక నా చెవులల్ల ఉన్నది. గని ఒక మాటను నమ్ముడుకు, పారేసుడుకు నడుమ ఒక జాగ ఉన్నదని, అక్కడ కూసొని చూడొచ్చని, మాకు ఎవరో ఒకరు చూపెట్టిండ్రు.

పద్మకు నేను ఆఖరున చెప్పింది ఇది. ఆమె బాపు చెప్పలేక ఆగిపోయింది గూడ ఇదే అయి ఉంటది. సారు ఇంటికొచ్చి చెప్పిపోయిన మరునాడు బళ్లె పాఠం నడుస్తుంది. గుమ్మంల నీడ పడ్డది. చూస్తె బాపమ్మ. ఉతికిన చీర కట్టుకున్నది. బడి గడప ఆమె అంతకు ముందు ఎన్నడూ దాటలే. సారు సుద్దముక్క పక్కకు పెట్టి ఎదురొచ్చిండు. కుర్సీ చూపిస్తె వద్దన్నది. మోకాళ్ల మీద చేతులు పెట్టి మెల్లగ వంగి, నాకు, భీంబాయికి నడుమ, చాప మీద కూసున్నది. మాకు నవ్వొచ్చింది గని నవ్వలే. ఆమె మా దిక్కు చూసి, మేము చేసేటట్టే చెయ్యి పైకి లేపింది.

"సారూ" అన్నది. "నా తాన ఇంక చానా మాటలున్నయి, చీమలయి, చందమామయి. అన్ని ఈ పిల్లలకు ఇస్త. ఏది నిలవడ్తదో, ఏది పడిపోతదో చూస్కోనియ్యి. గని దానికంటె ముందు నాకొకటి అడుగాలనున్నది. రాత్రంత నిద్ర రాలే. వాననాడు వచ్చి నాలుగు దినాలకు మళ్ల కనబడవు గద ఆ ఎర్ర పురుగులు. ఏడాదంత మన్నుల అవి ఏం చేస్తయి?"

సారు మా దిక్కు చూసిండు. మేము సారు దిక్కు చూసినం. ఎవరికీ తెల్వదు. ఆమె చెయ్యి ఇంక దించలే.